చేనుకు తెలిసిన పొదుపు పెరటికి తెలియలేదు

మాఘం చివర మొదలుపెట్టి ఫాల్గుణం పొడుగునా అనంతపురం వీధుల్లో వేపచెట్లు ఆకు రాలుస్తాయి. తెల్లవారేసరికి వాకిలంతా పసుపుపచ్చగా పరచుకొని ఉంటుంది. ఆ ఆకును చీపురుతో గోడవారకు ఊడ్చి, కుప్ప చేసి, అగ్గిపుల్ల గీస్తారు. పొగ వీధిలో కాసేపు నిలబడి పోతుంది. అదే ఇంటి గేటు లోపల, నాలుగు అడుగుల దూరంలో, మరొకరు పైపు పట్టుకొని పచ్చికకు నీళ్లు కొడుతుంటారు. నేలను కప్పి తేమ నిలపడానికి చెట్టు అడగకుండానే ఇచ్చిన దుప్పటిని కాల్చేసి, ఆ దుప్పటి లేక ఎండిపోయే మట్టికి బోరు నీళ్లు తోడి పోయడం ఇక్కడ ఒకే పూట, ఒకే ఇంట్లో జరిగిపోతోంది.

పొగతో దోమలు పోతాయని కొందరి నమ్మకం. దోమ పోయేది కాసేపే. చంటిపిల్లలు, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు పీల్చిన పొగ మాత్రం ఊపిరితిత్తుల్లో ఉండిపోతుంది. బహిరంగంగా చెత్త తగలబెట్టడాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే నిషేధించి, 5 వేల రూపాయల జరిమానా నిర్ణయించింది. జరిమానా సంగతి అలా ఉంచినా, పెరటికి జరిగే నష్టం చిన్నది కాదు. ఎండలు ముదరబోయే ముందు తన ఒంటి నుంచి ఆవిరయ్యే నీటిని తగ్గించుకోవడానికి చెట్టు పాత ఆకును వదిలేస్తుంది. ఆ ఆకు మొదలు చుట్టూ పడి, చైత్ర వైశాఖాల ఎండ నేరుగా మట్టిని తాకకుండా అడ్డుపడుతుంది. ఏడాది మొత్తంలో నేలకు కప్పు ఎక్కువ అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే. అప్పుడే దాన్ని ఊడ్చేస్తున్నారు.

అనంతపురం జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. రెండు వానలకూ చివరి పంక్తిలో కూర్చున్న నేల ఇది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెప్పుకుంటారు. ఇప్పుడు కొళాయిల్లోకి, కాలువల్లోకి వచ్చే నీళ్లలో చాలా భాగం దూరం నుంచి వచ్చినవే. తుంగభద్ర ఎగువ కాలువ కర్ణాటక నుంచి వస్తుంది. హంద్రీ-నీవా పథకం శ్రీశైలం జలాశయం వెనుక నీటిని మెట్టు మెట్టుగా పైకి ఎత్తిపోసి ఇక్కడికి తెస్తుంది. పచ్చిక మీద పడే ప్రతి చుక్కకూ ఈ ప్రయాణం ఉంది, లేదంటే వందల అడుగుల బోరు ఉంది.

ఇంటి ముందు లాన్ ఎంత నీరు తాగుతుందో లెక్క వేయడం తేలిక. ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు నీరు నిలబడితే అది సరిగ్గా ఒక లీటరు. అనంతపురం ఎండల్లో పచ్చిక పచ్చగా ఉండాలంటే రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా కావాలి. వంద చదరపు మీటర్ల లాన్, అంటే రెండున్నర సెంట్లకు కాస్త తక్కువ, రోజుకు 500 లీటర్లు తాగుతుంది. భూగర్భ మురుగు వ్యవస్థ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది కేంద్ర ప్రభుత్వం పెట్టిన ప్రమాణం. ఆ లెక్కన లాన్ ఒక్కటే దాదాపు నలుగురు మనుషుల వాటా తాగేస్తోంది. పైపుతో మిట్టమధ్యాహ్నం కొడితే గాలికి పోయేది, గచ్చు మీద పారిపోయేది ఇందులో కలపలేదు. చలికాలంలో అవసరం తగ్గుతుంది నిజమే. ఏడాది సగటు రోజుకు 4 మిల్లీమీటర్లే అనుకున్నా మొత్తం 1,460 మిల్లీమీటర్లు అవుతుంది. ఆకాశం ఇచ్చేది 550. అదీ కొద్ది రోజుల్లో కుమ్మరించి వెళ్లిపోతుంది.

ఊరి పొలిమేర దాటి పదిహేను నిమిషాలు వెళ్తే ఈ లెక్క తెలియని రైతు ఉండడు. బత్తాయిని ఇక్కడ చీనీ అంటారు. ఏ చీనీ తోటకు వెళ్లినా చెట్టు చెట్టుకూ డ్రిప్ గొట్టం కనిపిస్తుంది. 2003లో మొదలైన రాష్ట్ర సూక్ష్మసేద్య పథకాన్ని అనంతపురం రైతులు అందిపుచ్చుకున్నంతగా అందుకున్న జిల్లాలు తక్కువ. దానిమ్మ పాదుల్లో మట్టి కనిపించకుండా చెత్త కప్పుతారు. వాన నీరు చేను దాటిపోకుండా సేద్యపు కుంటలు తవ్వుకున్నారు. కరువు ఈ జిల్లాకు నేర్పిన విద్య చాలా ఉంది. అయితే ఆ విద్య పట్టణంలో ఇంటి గేటు దగ్గరే ఆగిపోయింది. పొలంలో గంటకు నాలుగు లీటర్ల చొప్పున నీటిని కొలిచి ఇచ్చే కుటుంబమే, ఊళ్లో ఇల్లు కట్టుకోగానే ఎక్కడో తడి ప్రాంతంలో తీసిన లాన్ ఫొటోను గోడకు ఆనించి అలాంటిదే కావాలంటుంది. పెరటి పోషణలో పర్యావరణం మాట మాట్లాడాలంటే ముందు ఈ ఎడం గురించి మాట్లాడాలి.

లాన్ అసలే వద్దని చెప్పడం న్యాయం కాదు. పిల్లలు ఆడుకోవడానికి, సాయంత్రం నాలుగు కుర్చీలు వేసుకోవడానికి మెత్తటి పచ్చ జాగా ఉంటే ఇంటికి కళ. వంద చదరపు మీటర్లు అవసరమా, ఇరవై సరిపోతాయా అన్నదే తేల్చుకోవాల్సిన విషయం. ఇరవై చదరపు మీటర్లకు రోజుకు వంద లీటర్లతో పోతుంది. రెండో విషయం గడ్డి రకం. నర్సరీల నుంచి పలకలుగా తెచ్చి పరిచే మెక్సికన్ గడ్డి చూడటానికి తివాచీలా ఉంటుంది కానీ ఇక్కడి వేసవిలో నాలుగు రోజులు నీళ్లు తప్పితే దిగులు పడుతుంది. మన గట్ల మీద, దారుల పక్కన, వినాయక చవితి నాడు పత్రిలో వెతుక్కునే గరిక సంగతి వేరు. వేసవిలో నీళ్లు లేకపోతే అది పైకి ఎండినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. కింద వేరు, కణుపు బతికే ఉంటాయి. మొదటి వానకు నాలుగైదు రోజుల్లో మళ్లీ పచ్చబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో గరిక రంగు మారితే అది చావు కాదని, నిద్ర అని ఇంట్లో వాళ్లు ఒప్పుకోగలిగితే లాన్‌కు పోసే నీళ్లలో పెద్ద భాగం అక్కడే మిగిలిపోతుంది.

గరికను పోషించే పద్ధతి కూడా చేను పద్ధతే. రోజూ పైపైన తడిపితే వేర్లు పైనే తచ్చాడతాయి, ఒక్క రోజు ఎండకే వాడిపోతాయి. నాలుగైదు రోజులకు ఒకసారి, సూర్యుడు రాకముందే, జానెడు లోతు తడిసేలా పెడితే వేర్లు నీటిని వెతుక్కుంటూ కిందికి దిగుతాయి. తడి ఎంత లోతు దిగిందో తెలుసుకోవడానికి ఒక పొడవాటి స్క్రూడ్రైవర్ చాలు. తడిసిన మేరకు సులువుగా దిగి, పొడి తగలగానే ఆగిపోతుంది. కత్తిరింపు ఎప్పుడూ గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించకూడదు. వేసవిలో ఇంకాస్త ఎత్తుగా వదలాలి, గడ్డి నీడే దాని మొదళ్లను కాపాడుతుంది. కోసిన ముక్కలు అక్కడే పడి ఉంటే వారంలో ఎండి మట్టిలో కలిసిపోతాయి, తీసుకున్న నత్రజనిని తిరిగి ఇస్తాయి. యూరియా చల్లితే గడ్డి ఉరికి ఉరికి పెరుగుతుంది. పెరిగే కొద్దీ ఎక్కువ తాగుతుంది, ఎక్కువసార్లు కోయాల్సి వస్తుంది. పచ్చదనం కోసం వేసిన పిడికెడు యూరియా చివరికి బోరు మీదే భారం పెడుతుంది.

లాన్ మానేసిన వాళ్లు చాలామంది మరో కొసకు వెళ్తున్నారు. గేటు నుంచి గుమ్మం దాకా తాడిపత్రి నాపరాళ్లో, సిమెంటు పలకలో సందు లేకుండా పరిచేస్తారు. మే నెల రాత్రి పది గంటలకు ఆ రాయి మీద అరికాలు పెడితే ఇంకా సెగ తగులుతుంది. పగలు తాగిన ఎండను రాయి రాత్రంతా ఇంటి గోడలకు పంచుతుంది. వాన పడితే ఒక్క చుక్క ఇంకదు, నేరుగా మురుగు కాలువకు పోతుంది. ప్లాస్టిక్ పచ్చిక పరవడం ఇంకా అన్యాయం. అది ఎండలో రాయిని మించి కాలుతుంది, పొడి పొడిగా రాలి మట్టిలో కలుస్తుంది. నాపరాయే కావాలనుకుంటే రాయికీ రాయికీ మధ్య రెండంగుళాల సందు వదిలి, కింద సిమెంటు లేకుండా ఇసుక మీద పరిచి, ఆ సందుల్లో గరిక నాటవచ్చు. నడవడానికి రాయి ఉంటుంది, వాన ఇంకడానికి దారీ ఉంటుంది.

ఇక మట్టి. అనంతపురం ఎర్రనేల లోతు తక్కువ, అడుగున గరుసు ఉంటుంది, సేంద్రియ పదార్థం బహు స్వల్పం. వాన పడి ఎండ కాయగానే పైన పెచ్చు కడుతుంది. ఆ పెచ్చు మీద పడ్డ తర్వాతి వాన ఇంకకుండా జారిపోతుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడిలో కథ మరోలా ఉంటుంది. అక్కడ నీరు నిలుస్తుంది, ఎండకు నేల నెర్రెలిచ్చి వేర్లను తెంపుతుంది. రెండు నేలలకూ పనికొచ్చే మందు మాత్రం ఒకటే, మట్టిని బట్టబయలుగా వదలకపోవడం. వేపాకు, కానుగాకు, ఎండు గడ్డి, కొబ్బరి పీచు, చెరకు పిప్పి ఏదైనా సరే మూడంగుళాల మందాన కప్పాలి. ఈ జిల్లాలో ఇంకొకటి ధారాళంగా దొరుకుతుంది, వేరుశనగ పొట్టు. కాయలు కొట్టే మిల్లుల దగ్గర బస్తాల్లో ఉంటుంది. అది తొందరగా కుళ్లదు. అందువల్లే కప్పుగా చాలా కాలం ఆగుతుంది. మట్టిలో కలిపితే మాత్రం కుళ్లడానికి నేలలోని నత్రజనినే వాడుకుంటుంది, మొక్క పాలిపోతుంది. కాబట్టి పైన పరచాలి, లోపల కలపకూడదు.

ఇక్కడివాళ్లు వెంటనే అడిగేది చెదల గురించి. ఆ భయం ఉత్తది కాదు. ఎర్రనేలలో ఎండు చెత్త కనిపిస్తే చెదలు వస్తాయి. చెద ప్రధానంగా తినేది ఎండిన పదార్థాన్ని. నీరు అందక నీరసించిన మొక్క, కొత్తగా నాటి ఇంకా కుదురుకోని మొక్క దానికి రెండో ఎర. కప్పును కాండానికి తగలనీయకుండా బెత్తెడు దూరం వదిలితే, పాదులో గుప్పెడు వేపచెక్క పొడి కలిపితే, కప్పు కింద తేమ ఆరిపోకుండా చూస్తే చాలావరకు బెడద ఉండదు. ఇంటి గోడకు ఆనించి చెత్త కప్పడం మాత్రం ఎప్పుడూ మంచిది కాదు. తలుపులు, కిటికీల కలపకు దారి చూపినట్టవుతుంది.

వంటింటి వ్యర్థాలతో ఎరువు చేసుకోవడంలో కూడా ఊరిని బట్టి నడక మారాలి. దీని గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా తడి ఎక్కువై వాసన వస్తుందని హెచ్చరిస్తారు. అనంతపురంలో ఎదురయ్యే కష్టం దానికి తలకిందులు. ఇక్కడి గాలి పొడిది. చిల్లుల డ్రమ్ములో వేసిన కూరగాయ తొక్కలు పది రోజుల్లో వడియాల్లా ఎండి గలగలలాడతాయి, కుళ్లడం ఆగిపోతుంది. నెలల తర్వాత చూసినా అరటి తొక్క అరటి తొక్కగానే ఉంటుంది. అందుకే ఈ ఊరికి డ్రమ్ము కంటే చెట్టు నీడన రెండడుగుల గుంత మేలు. ఒక వంతు తడి చెత్తకు రెండు వంతుల ఎండాకు వేసి, మీద పలుచగా మట్టి చల్లి, గోనెసంచి కప్పాలి. గుప్పిట్లోకి తీసుకొని పిండితే నీరు కారకూడదు, విప్పితే ముద్ద విడిపోకూడదు. అంత తేమ ఉంటే మూడు నాలుగు నెలల్లో నల్లగా, వాన మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది. ఊడ్చిన వేపాకు కుప్పకు ఇంతకంటే మంచి చోటు లేదు.

జీవామృతం గురించి ఇప్పుడు ప్రతి ఇంట్లో వినిపిస్తోంది. రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడిపిస్తున్న ప్రకృతి సేద్యం దాన్ని ఊరూరికీ చేర్చింది. ఎకరాకు చెప్పే కొలతను ఇరవయ్యో వంతుకు తగ్గిస్తే పది లీటర్ల నీటికి అరకిలో ఆవుపేడ, అరలీటరు ఆవు మూత్రం, వంద గ్రాముల చొప్పున బెల్లం, శనగపిండి, గుప్పెడు మంచి మట్టి. రెండు రోజులు నీడలో ఉంచి, ఉదయం సాయంత్రం కర్రతో కలిపి పాదుల్లో పోస్తే సరి. దీని మీద అతి నమ్మకం పెట్టుకోవడం మాత్రం తగదు. అరకిలో పేడలో ఉండే పోషకం చాలా తక్కువ. మట్టిలో సూక్ష్మజీవులను పెంచడానికి అది పాలలో వేసే తోడు లాంటిది. పాలు లేని గిన్నెలో తోడు వేస్తే పెరుగు కాదు. పైన కప్పు, లోపల కంపోస్టు ఉన్న నేలలోనే అది పని చేసినట్టు కనిపిస్తుంది. ఆకలిగా ఉన్న మొక్కకు బలం కావాలంటే వేరుశనగ చెక్క నయం. అందులో నత్రజని దాదాపు 7 శాతం ఉంటుంది. రాత్రి నానబెట్టి, పొద్దున పలుచన చేసి పోస్తే చాలు.

ప్రకృతి సేద్యం నుంచి పెరటికి తెచ్చుకోదగ్గ ఇంకా మంచి పని నవధాన్యాల సాగు. తొలకరికి ముందే పొడి మట్టిలో రకరకాల గింజలు చల్లి నేలను పచ్చగా ఉంచడం అనంతపురం చేలల్లో చూస్తున్నదే. లాన్ తీసేసిన జాగాలో ఉలవ, పెసర, అలసంద, నువ్వు, జొన్న కలిపి చల్లి, పూతకు రాగానే కోసి అక్కడే పడుకోబెడితే ఒక్క ఏడాదిలో మట్టి రంగు మారుతుంది. ఉలవైతే ఒకటి రెండు వానలకే నేలను అల్లుకుంటుంది. మధ్య మధ్య గంగవాయిలి దానంతట అదే మొలుస్తుంది. దాన్ని కలుపని పీకేయడం ఎందుకు, పప్పులో వేసుకుంటే రుచి.

మందార, గులాబీ, జామ లేత ఆకులు పసుపుగా మారి, ఈనెలు మాత్రం పచ్చగా మిగలడం ఈ ఊరి పెరళ్లలో అడుగడుగునా కనిపించే జబ్బు. ఎరువు చాలలేదని యూరియా వేస్తారు, ఇంకా పాలిపోతుంది. సున్నం ఎక్కువున్న నేలలో, ఉప్పు తగిలే బోరు నీళ్లలో ఇనుము ఉన్నా మొక్కకు అందదు. వేరుశనగ వేసే రైతుకు ఇది పాత పరిచయం. చేను పసుపుబారితే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి ఆకుల మీద పిచికారీ చేస్తాడు. అదే కొలత పెరటి మందారానికీ సరిపోతుంది. వారం తేడాతో రెండుసార్లు సాయంత్రం పూట కొట్టాలి. అది తాత్కాలిక ఉపశమనం. పాదులో కంపోస్టు పెరిగే కొద్దీ వేర్లకు ఇనుము అందుతుంది. ఆర్వో యంత్రం వదిలే నీళ్లను మొక్కలకు పోయడం పొదుపు అనుకుంటారు కానీ ఆ నీళ్లలో బోరు నీటి ఉప్పంతా చిక్కబడి ఉంటుంది. గచ్చు కడగడానికి, బండి కడగడానికి వాడుకోవచ్చు, కుండీలో పోస్తే కొన్ని నెలల్లో మట్టి మీద తెల్లటి పూత కడుతుంది. బట్టలు ఉతికిన సబ్బు నీళ్లూ అంతే. బియ్యం, పప్పు కడిగిన నీళ్లకు ఈ దోషం లేదు. పాత ఇళ్లలో జలదారి పక్కన అరటి, చేమ వేసేవాళ్లు. స్నానాల నీళ్లను అవి తట్టుకుంటాయని అనుభవం మీద తెలుసుకున్నారు.

పురుగుమందుల దగ్గర ఇళ్లవాళ్లు రైతు కంటే నిర్లక్ష్యంగా ఉంటున్నారు. పొలానికి తెచ్చిన సీసాలో మిగిలిన మందు మిద్దె మీద వంకాయ మొక్కకు చేరుతుంది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయలపై వాడకూడదని 2005లోనే నిషేధించారు. చెదలకు, వేరు పురుగులకు పాదుల్లో వేసే ఫోరేట్ గుళికల వాడకం 2020 డిసెంబరు 31తో ముగిసిపోవాలన్నది కేంద్రం ఆదేశం. కలుపు మీద కొట్టే గ్లైఫోసేట్‌ను శిక్షణ పొందిన పురుగు నివారణ సిబ్బంది తప్ప ఇతరులు వాడరాదని 2022 అక్టోబరులో ప్రకటన వచ్చింది. చిన్నపిల్లలు మట్టిలో ఆడే చోట, కరివేపాకు రెమ్మ తుంచి నేరుగా పోపులో వేసే చోట వీటికి తావు ఉండకూడదు.

ఒంటి మీద తెల్లటి పిండితో మొక్క రసం పీల్చే పురుగు పిండినల్లి. దాని కథ ఇక్కడ చెప్పుకోదగ్గది. బొప్పాయి పిండినల్లి మన దేశంలో మొదట 2008లో కోయంబత్తూరులో కనిపించింది. బొప్పాయితో ఆగక మల్బరీ, మందార, వంగ దేన్నీ వదల్లేదు. మందుల మీద మందులు కొట్టారు. ఒంటి మీది మైనపు పిండి వల్ల చుక్క లోపలికి దిగలేదు. 2010లో పోర్టోరికో నుంచి ఒక చిన్న కందిరీగ జాతి పరాన్నజీవిని తెప్పించి బెంగళూరులో పెంచి తోటల్లో వదిలారు. కంటికి సరిగా ఆనని ఆ ఈగ పిండినల్లి ఒంట్లో గుడ్డు పెడుతుంది, పిల్ల దాన్ని లోపలి నుంచి తినేస్తుంది. కొన్ని నెలల్లోనే బెడద తగ్గుముఖం పట్టింది. ఇప్పుడు పెరట్లో మందారం మీద తెల్లగా కనిపించగానే ఘాటు మందు కొడితే చచ్చేది ముందు ఆ ఈగ. తెల్లటి ముద్దలను గట్టి నీటి ధారతో కడిగి, చీమల బారును తెంపాలి. చీమలే పిండినల్లిని కొమ్మ నుంచి కొమ్మకు మోస్తాయి, కాపలా కాస్తాయి. అంతకీ తగ్గకపోతే వేప గింజల కషాయం ఉంది. ఆషాఢంలో రాలిన వేప పండ్లను ఏరి, గుజ్జు కడిగి, నీడలో ఆరబెట్టి దాచుకోవాలి. యాభై గ్రాముల పప్పు పొడిని మూట కట్టి రాత్రంతా లీటరు నీటిలో నానబెట్టి, పిండి, చిటికెడు సబ్బు పొడి కలిపి సాయంత్రం కొట్టాలి. ఎండ తగిలితే వేపలోని గుణం విరిగిపోతుంది కనుక పొద్దున కొట్టడం దండగ.

మిద్దె మీద పడే వానను లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఏడాదిలో 50 వేల లీటర్లకు పైగా పడుతుంది. అందులో అయిదో వంతు పోయినా 40 వేలు చేతికి వస్తాయి. 20 మిల్లీమీటర్ల ఒక్క వానకే 1,500 లీటర్లు. గొట్టం కింద 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఊరుకుంటే మిగతాదంతా వీధి పాలు. డ్రమ్ము నిండాక పొర్లే నీరు మొక్కల వైపు కట్టిన చిన్న కాలువలోకి, అక్కడి నుంచి ఇంకుడు గుంతలోకి పోయే వాలు ఇల్లు కట్టేటప్పుడే చూసుకోవాలి. వాన నీటి నిల్వ నిర్మాణాల గురించి, నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టమే చెబుతోంది. డ్రమ్ముకు మూత, మూతకు గుడ్డ తప్పనిసరి. దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం పది రోజులు చాలు.

డ్రిప్ సామాను కోసం ఈ ఊళ్లో ఎక్కడికో పోనక్కర్లేదు. పొలానికి అమ్మే దుకాణంలోనే పదహారు మిల్లీమీటర్ల గొట్టం, డ్రిప్పర్లు, చిన్న ఫిల్టరు దొరుకుతాయి. మిద్దె మీది ట్యాంకు నుంచి దించితే ఒత్తిడి తక్కువ కాబట్టి కాసేపు ఎక్కువ వదలాలి. సున్నపు నీళ్లకు డ్రిప్పర్లు మూసుకుపోతే విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా వేసి ఉంచితే తెరుచుకుంటాయి. కుండీల తోటకు ఇది మరీ అవసరం. మిద్దె మీది కుండీ అన్ని వైపుల నుంచీ కాలుతుంది.

మొక్క ఎంపికలో పేర్ల పట్టికలు అక్కర్లేదు, ఊరి చుట్టూ నీళ్లు పోసేవాళ్లు లేకుండా బతుకుతున్న వాటిని చూస్తే చాలు. తంగేడు, సీతాఫలం, ఉసిరి, మునగ, కరివేపాకు, గోరింట, నందివర్ధనం, బిళ్లగన్నేరు, గడ్డిగులాబీ. నర్సరీ మొక్కలకు ఒక చిక్కుంది. చాలా వరకు తూర్పు గోదావరి జిల్లా కడియం నుంచి లారీల్లో వస్తాయి. వేర్ల చుట్టూ అక్కడి బంకమట్టి ముద్ద ఉంటుంది. దాన్ని అలాగే ఎర్రమట్టి గుంతలో పెడితే పోసిన నీరు చుట్టూ ఉన్న గుల్ల మట్టిలోంచి జారిపోతుంది, మధ్యలోని ముద్ద ఇటుకలా గట్టిపడుతుంది. రోజూ నీళ్లు పోస్తూనే మొక్క దాహంతో చనిపోతుంది. నాటే ముందు ముద్దను బకెట్ నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టిని వేళ్లతో మెల్లగా విడదీసి, గుంతలో మన మట్టి, కంపోస్టు కలిపి పెడితే వేరు బయటికి నడుస్తుంది.

నాటే కాలం గురించి కూడా ఒక మాట. తొలకరి పడగానే నాటి, ఇక వానలే చూసుకుంటాయని వదిలేస్తారు. ఈ ఉమ్మడి జిల్లాలో ఆషాఢం గాలి ఎలాంటిదో రామగిరి, నల్లకొండ, వజ్రకరూరు గాలిమరలను చూస్తే తెలుస్తుంది. మబ్బు కమ్ముకొని ఉంటుంది, వాన పడదు, గాలి రాత్రింబగళ్లు వీస్తూ లేత ఆకుల్లోని తడి లాగేస్తుంది. వేసవిని దాటిన మొక్కలు ఈ గాలికి మాడిపోవడం కద్దు. పడమటి వైపు గోరింట కంచె ఉంటే సగం రక్షణ. లేనివాళ్లు గాలి తగ్గి, వానలు నిలకడగా పడే భాద్రపదంలో నాటుకుంటే మొక్క ఈశాన్య వానల్ని కూడా వాడుకుంటుంది.

అలా నాటిన మొక్క పక్కన పాత పద్ధతిలో కుండ పాతడం అన్నిటికంటే చవకైన నీటి ఏర్పాటు. అయిదు లీటర్ల మట్టికుండ, మెరుగు పూత లేనిది, తీసుకొని నీళ్లు నింపి గంట సేపు చూడాలి. బయట చెమట పడితే పనికొస్తుంది. మొదలుకు జానెడు దూరంలో మెడ దాకా పాతి, నింపి, మూకుడు మూయాలి. మట్టి ఎండితే కుండ నీటిని వదులుతుంది, తడిగా ఉంటే వదలడం తగ్గిస్తుంది. మూడు నాలుగు రోజులకు ఒకసారి నింపితే చాలు. బోరు నీటి సున్నానికి సూక్ష్మరంధ్రాలు పూడుకుపోతాయి కాబట్టి వీలైతే వాన నీళ్లు, లేదంటే కొళాయి నీళ్లు పోయాలి. రెండో ఏడు వానలు కుదురుకున్నాక ఆ కుండను మెల్లగా తవ్వి తీస్తే దాని ఒంటి నిండా సన్నటి తెల్లటి వేర్లు వల అల్లినట్టు పట్టుకొని ఉంటాయి. వాటిని తెంపకుండా కుండను అక్కడే పగలగొట్టి, పెంకులు గుంతలోనే వదిలి, మట్టి పూడ్చేయవచ్చు. సీతాఫలానికైనా, ఉసిరికైనా అప్పటి నుంచి కుండ అక్కర్లేదు.